మునిలక్ష్మి చెప్పిన వేడి

మునిలక్ష్మి గుప్పిట మూసుకుని వరండాలో గబగబా నడుస్తోందంటే ఆ ఆరోగ్య కేంద్రంలో అందరూ గోడకు ఒత్తుకుని దారి ఇచ్చేవాళ్ళు. ఆ గుప్పిట్లో చిన్న గాజు గొట్టం ఉంటుంది. అందులో రెండు చుక్కల ఉప్పునీళ్ళు, తెల్లబట్ట అవుతోందని వచ్చిన ఏ ఆడమనిషి దగ్గరో నర్సు తీసిన నమూనా. గుప్పిట వెచ్చదనం తగ్గేలోపు దాన్ని మైక్రోస్కోపు కిందికి చేర్చాలి. పట్టుమని పది నిమిషాలు. ఆలస్యమైతే అందులోని జీవి చల్లబడి కదలడం మానేస్తుంది. కదలకపోతే చీము కణాల గుంపులో దాన్ని పోల్చుకోవడం ఎంతటివాళ్ళకైనా కష్టమే.

దాని పేరు ట్రైకోమోనాస్. కంటికి ఆనని పరాన్నజీవి. నీళ్ళలో ఈదినట్టు సాఫీగా పోదు, ఎక్కిళ్ళు పట్టినట్టు ఎగిరెగిరి పడుతుంది. ఆలుమగల కలయికలో ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. ఆడవాళ్ళకైతే మంట, దురద, పచ్చగా వాసనతో కూడిన తెల్లబట్ట. మగవాళ్ళలో చాలామందికి ఏమీ ఉండదు. కొందరు ఆడవాళ్ళకూ ఉండదు. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, చడీచప్పుడు లేకుండా ఒంట్లో కాపురం ఉండగలదు. వదిలించడం మాత్రం సులువు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే సమయంలో మాత్రలు మింగాలి, ఇద్దరికీ నయమయ్యేదాకా దూరంగా ఉండాలి. అంతే. ఇంత తేలిగ్గా పోయే జబ్బు ఇంకోటి లేదని మునిలక్ష్మి శిక్షణకు వచ్చే పిల్లలకు ఏటా చెప్పేది.

ఇంకో మాట కూడా చెప్పేది. “ఉంటే ఉందని రాయండి, లేకపోతే లేదని రాయండి, తెలియకపోతే తెలియలేదని రాయండి. ఖాళీ మాత్రం వదిలారో, వీపు చీరేస్తాను.” ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆమె చీటీల మీద ఖాళీ గడి చూసినవాళ్ళు లేరు. నోరు పెద్దది, చేయి శుభ్రం అని పేరు. డాక్టర్లు మారిపోయేవాళ్ళు, ఆమె మాత్రం ల్యాబ్ టెక్నీషియనుగా ఆ మూల గదిలో, ఆ ఎత్తు స్టూలు మీదే ఉండేది.

ఆమెది తమిళనాడు సరిహద్దులోని అత్తిమంజేరిపేట. అయిదో తరగతి దాకా తెలుగు బడి, ఆ తరవాతంతా తమిళమే. ఉద్యోగం వచ్చాక రిజిస్టర్లు ఇంగ్లీషులో, చీటీలు ఇంగ్లీషులో, రోగులతో మాట తమిళంలో. కానీ సంచిలో ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. అనుమానం ఉన్న కేసులూ, మళ్ళీ చూడాల్సినవీ అందులో తెలుగులో రాసుకునేది. అక్కడ ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. “మేడమ్ గారి రహస్య పోలీసు పుస్తకం” అని నర్సులు ఆటపట్టిస్తే ఆమె నవ్వి ఊరుకునేది. నవ్వకుండా ఆ పుస్తకాన్ని ఆ రోజే చింపి పారేసి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది.

తమ్ముడు చంద్రు ఆమెకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. వాడికి ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు. తల్లి ధనకోటమ్మ పొలం చూసుకుంటే, వాణ్ణి బడికి పంపింది, ఫీజు కట్టింది, చెవి మెలేసింది అన్నీ మునిలక్ష్మే. పెళ్ళై తిరుత్తణి వెళ్ళాక కూడా ఆమె మనసు సగం ఆ ఇంట్లోనే. చంద్రు వెల్డింగ్ నేర్చుకుని చెన్నై అవతల కాట్టుపల్లి రేవు వైపు కాంట్రాక్టు పనిలో చేరాడు. శనివారం సాయంత్రానికి ఇంటికి, సోమవారం తెల్లారే మళ్ళీ రైలుకు. 2020లో వాడికి దేవసేనతో పెళ్ళి చేసింది కూడా మునిలక్ష్మే. పిల్లను చూసి వచ్చింది ఆమె, నచ్చిందని చెప్పింది ఆమె. అరిటాకు పరచడంలో కూడా అణకువ కనిపించే పిల్ల అని ఊరంతా చెప్పుకుంది.

మరుసటి ఏడు జులై చివర, ఆడి నెలలో, తిరుత్తణి కొండకు కావళ్ళు పోతున్న రోజుల్లో, దేవసేన ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. ఓపీ చీటీ తీసుకోలేదు. నేరుగా మూల గది గుమ్మంలో నిలబడి, చెప్పలేక చెప్పింది. ఆడపడుచు కదా, ఎవరికి చెప్పుకుంటుంది మరి. మునిలక్ష్మి నర్సుతో నమూనా తీయించింది, గుప్పిట్లో పెట్టుకుని వచ్చింది, కంటికి ఆనించింది.

ఎగిరెగిరి పడుతున్నాయి. ఒకటి కాదు, చూసిన చోటల్లా.

ఆ క్షణంలో ఆమెకు చీటీ మీది గడి కనపడలేదు. పుట్టింటి వంటిల్లు కనపడింది. ఇది రాస్తే డాక్టరు మొగుణ్ణి తీసుకురమ్మంటాడు. ఎక్కడి నుంచి వచ్చిందని ఇంట్లో అడుగుతారు. తమ్ముడు తిరుగుబోతు కావాలి, లేదా ఈ పిల్ల చెడ్డది కావాలి. వేరే ఆడవాళ్ళకు, “ఎవరి నుంచి ఎవరికో ఎవరూ చెప్పలేరమ్మా, మాత్ర మింగండి చాలు” అని వందసార్లు చెప్పిన నోరు, సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ మాటను తానే నమ్మలేదు. జబ్బును చూడాల్సిన మనిషి శీలాన్ని చూసింది. అక్కడే తప్పింది దారి.

చీటీలో చీము కణాలు ఎక్కువ అని రాసింది. కింద ట్రైకోమోనాస్ అన్న గడి ఖాళీగా వదిలేసింది. ఆ చీటీని డాక్టరు దాకా పోనివ్వలేదు. మందుల గదిలో తనకున్న చనువుతో, తెల్లబట్ట కేసులకు ఇచ్చే ఆకుపచ్చ పెట్టె ఒకటి తెచ్చి దేవసేన చేతిలో పెట్టింది.

“ఏముండాది వొదినా?” అంది దేవసేన.

“ఏమీ లే పాపా. ఒళ్ళు వేడి చేసుండాది. ఈ మాత్రలు మింగు. ఎళనీళ్ళు తాగు, దినానికో బోండాం, మజ్జిగ పోసుకో, కోడికూర తినబాకు.”

“ఆయనకు చెప్పాల్నా?”

“వానికెందుకు ఆడోళ్ళ కత? పో, బస్సు వచ్చే టైమైంది.”

ఆ రాత్రి నోటుపుస్తకంలో తేదీ వేసి, ‘దే. కదులుతోంది. చాలా’ అని తెలుగులో రాసుకుంది. నిజం రాశానన్న తృప్తి ఒకటి! ఎవరూ చదవలేని చోట రాసి.

మాత్రలు పనిచేశాయి. చేయక ఏం. నెలన్నర బాగుంది. కానీ శనివారం శనివారం చంద్రు వస్తూనే ఉన్నాడు, వాడికి మాత్ర లేదు, వాడికి ఏ బాధా లేదు. అక్టోబరులో దేవసేన మళ్ళీ గుమ్మంలో నిలబడింది. మళ్ళీ ఖాళీ గడి, మళ్ళీ ఆకుపచ్చ పెట్టె, మళ్ళీ వేడి. ఈసారి దేవసేన ఇంట్లో కూడా చెప్పుకుంది, ఒళ్ళు వేడంట అని. ధనకోటమ్మకు కోడలి మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే పట్టుకుంది ఆ మాటను. వారానికి రెండు తలంట్లు, పొద్దున్నే మెంతి నీళ్ళు, గుడ్డు వద్దు, బొప్పాయి వద్దు, నువ్వులు వద్దు. పెద్దకూతురు ఆసుపత్రిలో పనిచేసే మనిషి, ఆమె చెప్పిన మాట మీద ఆ ఇంట్లో ఇంకో మాట లేదు.

మూడోసారి వచ్చేసరికి ఫిబ్రవరి. దేవసేనకు మూడో నెల. మునిలక్ష్మి కంటికి ఆనించింది. మళ్ళీ అవే. కడుపుతో ఉన్న మనిషికి డాక్టరును అడగకుండా మాత్ర ఇవ్వడానికి చేతులు రాలేదు. డాక్టరును అడగాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఆ రోజు ఆమె మాత్ర కూడా ఇవ్వలేదు. “ఇంగా కొంచెం ఎళనీళ్ళు ఎక్కువ తాగు పాపా” అని పంపేసింది.

నోటుపుస్తకంలో ఆ తేదీ పక్కన ‘దే. కదులుతోంది. ఏమీ ఇవ్వలేదు’ అని ఉంది.

జూన్ మొదటి వారంలో, ఏడో నెలలోనే, ఉమ్మనీరు పోయింది. అంబులెన్సులో తిరువళ్ళూరు తీసుకెళ్ళారు. మగబిడ్డ పుట్టాడు, అరచేతి మీద పట్టేంత. అక్కడి డాక్టరమ్మ నిదానస్తురాలు. ముందు ఏమైనా ఇన్ఫెక్షన్లు వచ్చాయా, పాత రిపోర్టులు ఉన్నాయా అని అడిగింది. ఫైలు మునిలక్ష్మి చేతిలోనే ఉంది. మూడు చీటీలు తీసి ఇచ్చింది. మూడింట్లోనూ చీము కణాలు మాత్రమే.

“వేరే ఏమీ లేదా?” అని అడిగింది డాక్టరమ్మ, ఖాళీ గడి మీద వేలు పెట్టి.

“లేదు డాక్టర్” అంది మునిలక్ష్మి.

ఇరవై ఆరేళ్ళు దాచుకున్న మంచి పేరు ఆ ఒక్క మాటలో పోయింది. పోయినట్టు ఆమెకు తప్ప ఎవరికీ తెలియలేదు, అదే ఆమె శిక్ష. బిడ్డ మూడో రోజు పోయాడు. చంద్రు ఆసుపత్రి వెనక గోడకు తల ఆనించి ఏడుస్తుంటే వీపు నిమిరింది కూడా ఆమే.

ఇంటికొచ్చాక ధనకోటమ్మ వచ్చిన ప్రతివాళ్ళతోనూ ఒకే మాట చెప్పింది. “మా కోడలికి ఒళ్ళంతా వేడి మా. ఆ వేడికి బిడ్డ నిలవల.” తిట్టి అన్నది కాదు, ఏడుస్తూ అన్నదే. దేవసేన లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని వింటూ ఉండేది. మునిలక్ష్మి పక్కనే ఉండి కూడా, ‘వేడి కాదమ్మా’ అనలేకపోయింది. అంటే, మరేమిటని అడుగుతారు.

ఏడాదిన్నర గడిచింది. 2024 జనవరిలో దేవసేన మళ్ళీ వచ్చింది, ఈసారి ఓపీ చీటీ చేతిలో పట్టుకుని. మూడో నెల. కేంద్రానికి కొత్తగా వచ్చిన డాక్టర్ జ్యోతిక, వేలూరు వైపు పిల్ల, కడుపుతో ఉన్నవాళ్ళు ఏ చిన్న బాధ చెప్పినా పరీక్ష రాసి పంపుతుంది. గుప్పిట్లో గొట్టంతో మునిలక్ష్మి ఆ వరండాలో నడిచింది. దేవుడా, లేకపోతే బాగుండు అనుకుంది. ఉన్నాయి. ఎగిరెగిరి పడుతూనే ఉన్నాయి.

చీటీ తీసుకుంది. ట్రైకోమోనాస్ గడిలో ‘ఉంది, కదులుతోంది’ అని ఇంగ్లీషులో స్పష్టంగా రాసి సంతకం పెట్టింది. అంత చిన్న పనికి రెండున్నరేళ్ళు పట్టింది ఆ మనిషికి. సంచిలోంచి నోటుపుస్తకం తీసుకుని డాక్టరు గదిలోకి వెళ్ళి రెండూ బల్ల మీద పెట్టింది.

“ఇదేమిటి మేడమ్? నాకు తెలుగు చదవడం రాదే” అంది జ్యోతిక.

మునిలక్ష్మి నిలబడే చదివింది. మూడు తేదీలు, మూడు ముక్కలు, ఒక్కొక్కటీ తమిళంలోకి మార్చి. తన కూతురి వయసున్న ఆ డాక్టరు ముందు తల ఎత్తలేక, అడగాల్సింది మాత్రం అడిగింది.

“బిడ్డ దీనివల్లే పోయాడా డాక్టర్?”

“నెలలు నిండకుండా కాన్పు రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చంటారు. కాకపోనూవచ్చు. మందు ఇచ్చి ఉంటే ఆగేదని కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు.” జ్యోతిక చీటీ తన వైపు తిప్పుకుంది. “కానీ తిరువళ్ళూరులో ఆ డాక్టరు అడిగింది చూడండి మేడమ్, ఆవిడ ఆలోచించడానికి మీరు ఏమీ మిగల్చలేదు.”

తిట్టి ఉంటే బాగుండు అనిపించింది మునిలక్ష్మికి.

మందు చీటీ అక్కడికక్కడే రాసింది జ్యోతిక. దేవసేనకు ఏడు రోజులు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఈ మాత్ర కడుపుతో ఉన్నప్పుడు వేసుకోవచ్చు. చంద్రుకు అదే మందు, ఒక్కసారే నాలుగు మాత్రలు. ఇద్దరికీ రక్త పరీక్షలు. బాగయ్యేదాకా దూరంగా ఉండాలి. మూడు నెలలకు మళ్ళీ పరీక్ష. “ఆమెకు మీరే చెబుతారా, నేను చెప్పనా?” అని అడిగింది. నేనే చెబుతానంది మునిలక్ష్మి.

ఇంజెక్షన్ గది పక్కన బెంచీ మీద చెప్పింది. అది వేడి కాదని, పురుగని. మొదటిసారే చూశానని. చంద్రుకు కూడా మాత్ర ఇచ్చి ఉండాల్సిందని. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పటిదో ఏ పరీక్షా చెప్పదని, ఆ మాట రెండుసార్లు చెప్పింది. దేవసేన వింటూ చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. కోపం వస్తుందనుకుంది మునిలక్ష్మి. దెబ్బ కొట్టినా పడదామనుకుంది.

“అయితే మామిడిపండు కాదా వొదినా?” అంది దేవసేన.

మునిలక్ష్మికి అర్థం కాలేదు.

“ఆరో నెల్లో, అత్తమ్మ సంతకు పోయినప్పుడు, తోపులో రెండు పండ్లు తినినాను. మామిడిపండు వేడి అని మీరంతా చెప్పినారు గదా, తినబాకని. నోరు కట్టుకోలేకపోయినా. ఎవురికీ చెప్పలా. నేను తినినందుకే బిడ్డ పోయినాడని...” వేలికి చుట్టిన కొంగు విప్పుకుంది. మళ్ళీ అంది, “రెండేండ్లుగా అదే అనుకుంటా ఉండాను. ఆయన మొకం చూడలేకపోతిని.”

మునిలక్ష్మి ఏడ్చింది. ఉద్యోగం చేసే చోట, జనం చూస్తుండగా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. దేవసేన ఏడవలేదు. ఆ పిల్ల తన వాటా ఎప్పుడో ఏడ్చేసింది.

“కాదు పాపా. మామిడిపండు కాదు. నా మీద ఒట్టు.”

“ఒట్టు వద్దు” అంది దేవసేన. “రాసీండి. మామిడిపండు వల్ల కాదని. అరవంలో రాయండి, నాకు తెలుగు చదవను రాదు. అత్తమ్మకు నేనే చదివి చెప్తాను.”

చీటీ వెనక, తమిళంలో, మునిలక్ష్మి రాసింది. మూడు తేదీలు రాసింది. మూడుసార్లూ పరాన్నజీవి కనిపించిందని, రిపోర్టులో రాయలేదని, భర్తకు వైద్యం చేయించలేదని, మూడోసారి భార్యకూ మందు ఇవ్వలేదని రాసింది. చివర, ‘దేవసేన తిన్న తిండి వల్ల బిడ్డకు ఏ హానీ జరగలేదు’ అని రాసి, తన పేరు, హోదా, సంతకం. జ్యోతిక చదివి, కింద తానూ సంతకం చేసి ముద్ర వేసింది. దాని నకలు పైకి వెళ్తే సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుందని ఇద్దరికీ తెలుసు. వచ్చింది కూడా. మునిలక్ష్మి దానికి జవాబుగా, జరిగింది నిజమేనని ఒక్క వాక్యం రాసి పంపింది.

శనివారం చంద్రు వచ్చాడు. అక్క చేతిలో నాలుగు మాత్రలు చూశాడు.

“ఎవురి వల్ల అక్కా ఇది?”

“నాకు తెలీదు. నీకూ తెలీదు. పెండ్లికి ముందుదో, తరవాతదో, ఎవురూ చెప్పలేరు. ఇది తెలీకనే నేను మీ ఇద్దరి కొంప తీసినాను. మింగు.”

మింగాడు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, “ఒక మాట నాకు చెప్పుంటే అప్పుడే మింగుంటాను గదక్కా” అన్నాడు. తమ్ముడు కత్తి అందుకుంటాడనుకుంది, ఇల్లు తగలబడుతుందనుకుంది. వాడు అడిగింది ఒక గ్లాసు నీళ్ళు. తాను పెంచిన పిల్లాణ్ణే తాను నమ్మలేదు.

మూడు నెలలకు దేవసేన పరీక్షకు వచ్చింది. ఇరవై నిమిషాలు వెతికింది మునిలక్ష్మి, మైక్రోస్కోపు కింది గాజు పలకంతా. ఏదీ కదలలేదు. ‘లేదు’ అని రాసింది. జులైలో నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది, ధరణి అని పేరు పెట్టారు. మునిలక్ష్మి తన నోటుపుస్తకాన్ని జ్యోతికకు అప్పగించేసింది. ఇప్పుడు ఆమె దగ్గర రిజిస్టరు ఒక్కటే ఉంది. శిక్షణ పిల్లలకు ఖాళీ గడి గురించి ఇప్పటికీ చెబుతుంది, వీపు చీరేస్తానని మాత్రం అనదు.

మొన్న జూన్‌లో పుట్టింటికి వెళ్ళింది. తోపులో పండ్లు దిగాయి. ధనకోటమ్మ ఆ కాగితం చదివించుకుని విన్న రోజు నుంచి కోడలి ముందు గొంతు తగ్గించింది. ఆ పొద్దు తానే ఒక పండు కడిగి, చెక్కు తీసి, ముక్కలు కోసి, పళ్ళెంలో పెట్టి దేవసేన ముందుకు జరిపింది.

“తిను మా. ఏమీ కాదు.”

ధరణి ఒళ్ళో కూర్చుని ఒక ముక్క లాక్కుని నోరంతా పూసుకుంది. దేవసేన ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. చాలాసేపు పట్టుకుని కూర్చుంది, రసం మణికట్టు దాకా కారింది. తరవాత దాన్ని మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

“తెలుసత్తా ఏమీ కాదని. కాగితం కూడా దాచిపెట్టినాను, అప్పుడప్పుడు తీసి చదువుతా ఉంటాను.” గుమ్మంలో నిలబడి ఉన్న మునిలక్ష్మి వైపు చూడకుండానే అంది, “అయినా నోట్లోకి పోదు.”